ఫైలు పేరులో తెలుగు – 37 అక్షరాల కథ

ఫైలు పేరులో కోలన్ ఎందుకు పెట్టకూడదు? కొశ్చన్ మార్కు ఎందుకు పెట్టకూడదు? విండోస్ వాడే ప్రతివాళ్ళం ఏదో ఒకరోజు ఈ అక్షరాలు కుదరవంటూ వచ్చే ఆ చిన్న బాక్స్ చూసే ఉంటాం. చూసి, విసుక్కుని, కోలన్ తీసేసి హైఫన్ పెట్టి, మళ్ళీ పనిలో పడిపోయి ఉంటాం. ఎందుకు అని మాత్రం అడిగి ఉండం.

నాకు అడగక తప్పలేదు. ఈమధ్య నా ఉద్యోగంలో భాగంగా డిస్క్ ఇమేజ్ తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చెయ్యాల్సి వచ్చింది. డిస్క్ ఇమేజ్ అంటే మీకు తెలిసిందే, ఒక సీడీనో డీవీడీనో పెన్‌డ్రైవ్‌నో ఉన్నదున్నట్టుగా ఒకే ఫైల్లో పెట్టుకోవడం. నాకిచ్చిన టెస్ట్ ప్లాన్‌లో ఒక లైన్ ఇలా ఉంది: ఫైలు పేర్లలో స్పెషల్ కారెక్టర్లు ఉంటే ఏమవుతుందో చూడాలి. సరే, ఏవి స్పెషల్ కారెక్టర్లు అని లిస్టు చూస్తే కోలన్, స్టార్, కొటేషన్ గుర్తు, స్పేస్... ఆ వరసలోనే "ఇతర భాషల అక్షరాలు" అని కూడా ఉంది. అంటే మన అ ఆ ఇ ఈలు స్టార్ గుర్తుతో పాటు ఒకే బెంచీ మీద కూర్చున్నాయన్నమాట :)

కోట్లమంది రోజూ రాసే అక్షరం స్పెషల్ ఎలా అయింది? ఎవరికి స్పెషల్? ఆ తీగ లాగితే డొంక 1970ల దాకా కదిలింది.

ముందు డాస్ సంగతి. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లో ఫైలు పేరుకి 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలు. ఈ లెక్క దాని సొంతం కాదు, గ్యారీ కిల్డాల్ 1974లో మొదలుపెట్టిన సీపీ/ఎం నుంచి వచ్చింది. డ్రైవు పేరు తర్వాత కోలన్ పెట్టడమూ అక్కడినుంచే. కోలన్‌ని డ్రైవు తీసేసుకుంది కాబట్టి ఫైలుకి లేదు. స్టార్, కొశ్చన్ మార్కు అనేవి "ఏ అక్షరమైనా సరే" అని వెతకడానికి వాడేశారు కాబట్టి అవీ లేవు. మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు. స్లాష్‌ని కమాండ్‌కి ఆప్షన్లు ఇవ్వడానికి వాడేవారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి యూనిక్స్‌లో లాగా స్లాష్ పెడదామంటే అప్పటికే అది ఖాళీ లేదు. అందుకని అటువైపు వాలిన గీతని తీసుకున్నారు. ఈరోజుకీ మనం బ్యాక్‌స్లాష్ కొడుతున్నది అందుకే.

అన్నట్టు, "కాన్" అనే పేరుతో ఫోల్డర్ చెయ్యలేరు, దాన్ని కనిపెట్టింది ఒక ఇండియన్, బిల్ గేట్స్‌కే కారణం తెలీదట అని ఒక ఫార్వర్డ్ మెయిల్ దేశమంతా తిరిగింది, గుర్తుందా? మా స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో కూడా అదొక పెద్ద విశేషం. కారణం చాలా మామూలుది. ఫోల్డర్లు లేని రోజుల్లో కీబోర్డు-స్క్రీన్‌కి కాన్ అని, ప్రింటర్‌కి పీఆర్ఎన్ అని పేర్లు పెట్టి వాటినీ ఫైళ్ళలాగే వాడనిచ్చారు. ఫోల్డర్లు వచ్చాక కూడా పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ప్రతి ఫోల్డర్లోనూ ఆ పేర్లు ఉన్నట్టే లెక్క అన్నారు. అంతే. మిస్టరీ ఏమీ లేదు, పాత కస్టమర్‌ని ఇబ్బంది పెట్టకూడదనే జాగ్రత్త తప్ప.

ఇంకో ముచ్చట ఉంది, ఇది మన కథకి దగ్గరది. డాస్‌లో ఫైలు డిలీట్ చేస్తే పేరులోని మొదటి బైట్ తీసేసి దాని స్థానంలో 229 అనే విలువ రాస్తారు. అది కనపడితే "ఈ ఫైలు లేదు" అని అర్థం. ఇంగ్లీషు వాళ్ళకి 127 దాటిన బైట్లతో పెద్దగా పని లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కాలేదు. కానీ జపాన్ వాళ్ళ షిఫ్ట్-జిస్ పద్ధతిలో చాలా కంజి అక్షరాలకి మొదటి బైట్ సరిగ్గా 229. అంటే ఆ అక్షరంతో పేరు మొదలుపెడితే, సేవ్ చేసిన క్షణంలోనే ఫైలు డిలీట్ అయినట్టు లెక్క! దానికి విరుగుడుగా, పేరు నిజంగానే 229తో మొదలైతే డిస్క్ మీద 5 అని రాయండి, చదివేటప్పుడు మళ్ళీ 229గా మార్చుకోండి అని ఒక రూలు పెట్టారు. ఆ రూలు ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ స్పెసిఫికేషన్‌లో ఇప్పటికీ ఉంది. గమనించండి, జపాన్ మార్కెట్ పెద్దది, అడిగేవాళ్ళున్నారు, కాబట్టి రూలు వచ్చింది.

ఇక సీడీల దగ్గరికొద్దాం. 1985 నవంబర్లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, టాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటల్-క్యాసినోలో కొన్ని కంపెనీల ఇంజనీర్లు కూర్చున్నారు. యాపిల్, డిజిటల్ ఎక్విప్‌మెంట్, మైక్రోసాఫ్ట్, హిటాచీ, ఫిలిప్స్, సోనీ లాంటివి అందులో ఉన్నాయి. సమస్య ఏంటంటే సీడీ-రామ్ వచ్చింది గానీ, ఒక కంపెనీ సీడీ ఇంకో కంపెనీ మిషన్‌లో చదవలేని పరిస్థితి. వాళ్ళు తయారుచేసిన పద్ధతికి ఆ హోటల్ పేరే పెట్టారు. అదే కొద్ది మార్పులతో 1986లో ఎక్మా-119గా, 1988లో ఐఎస్ఓ 9660గా వచ్చింది. మనం రోజూ "ఐఎస్ఓ ఫైలు" అంటున్నామే, ఆ పేరు ఇదే.

ఆ స్టాండర్డ్‌లో ఫైలు పేరుకి ఇచ్చిన అక్షరాలు: ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు 26, అంకెలు 10, అండర్‌స్కోర్ 1. మొత్తం 37. చిన్నబడి ఇంగ్లీషుకే దిక్కు లేదు! మొదటి లెవెల్లో డాస్ లాగే 8, 3. రెండో లెవెల్లో 31 దాకా. ఫోల్డర్ లోపల ఫోల్డర్ 8 అంతస్తుల వరకే. పేరు చివర సెమీకోలన్, ఒక అంకె. అది డిజిటల్ ఎక్విప్‌మెంట్ వాళ్ళ వీఎంఎస్‌లో ఫైలు వెర్షన్ నంబరు రాసే అలవాటు.

ఇది చదివి మొదట నాకు కోపం వచ్చింది. కానీ కాసేపు ఆలోచిస్తే వాళ్ళ బాధ అర్థమైంది. అప్పటి మిషన్లలో డాస్‌కి చిన్నబడి తెలీదు, మ్యాక్‌కి కోలన్ అంటే ఫోల్డర్ గీత, యూనిక్స్‌కి స్లాష్ తప్ప దాదాపు అన్నీ పేర్లే. అందరూ ఒప్పుకునేది ఏదో అదే ఉంచారు. అంకెల్లో ఏ బైట్ ముందు రావాలన్న దాని మీద కూడా ప్రాసెసర్లకి గొడవే కాబట్టి, ప్రతి ముఖ్యమైన సంఖ్యనీ ఆ డిస్క్ మీద రెండు పద్ధతుల్లోనూ రెండుసార్లు రాశారు. ఎంత ఓపిక! అందుకే అప్పటి సీడీ ఇమేజ్ ఈరోజు ఏ ల్యాప్‌టాప్‌లో పెట్టినా తెరుచుకుంటుంది. మన దగ్గర అన్ని మిషన్లలోనూ అంత నమ్మకంగా పనిచేసే ఫార్మాట్ ఇంకోటి చెప్పండి చూద్దాం. ఆ నమ్మకానికి కట్టిన ధరే ఆ 37 అక్షరాలు. ఆ ధర మాత్రం హోటల్లో కూర్చున్నవాళ్ళు కాదు, మిగతా ప్రపంచం కట్టింది.

తర్వాత రెండు మరమ్మతులు వచ్చాయి. 1990ల మొదట్లో యూనిక్స్ వాళ్ళు రాక్ రిడ్జ్ అని ఒకటి చేశారు. (ఆ పేరు మెల్ బ్రూక్స్ తీసిన బ్లేజింగ్ శాడిల్స్ అనే సినిమాలోని ఊరిది. 1974 సినిమా.) ఇది అసలు పేరుని పక్కన ఇంకో చోట దాస్తుంది. ఏ బైట్లు ఇచ్చినా తీసుకుంటుంది. కానీ ఆ బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో ఎక్కడా రాయదు. ఉత్తరం ఉంది, ఏ భాషలో రాశారో చెప్పలేదు.

రెండోది 1995లో విండోస్ 95తో పాటు మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్. ఇందులో ప్రతి అక్షరానికీ 2 బైట్లు, యూనికోడ్. పేరు 64 అక్షరాల దాకా. తెలుగుకి 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది కాబట్టి, సిద్ధాంతం ప్రకారం 1995 నుంచే సీడీ మీద తెలుగు పేరు రాయొచ్చన్నమాట.

ఇక్కడ ఒక తమాషా చూశాను. జోలియెట్ డిస్క్ మీద "ఇందులో యూనికోడ్ ఏ లెవెల్" అని చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. 1, 2, 3 అని మూడు లెవెల్స్. ఐఎస్ఓ 10646 అనే స్టాండర్డ్‌లో ఆరోజుల్లో ఉన్న విభజన అది. లెవెల్ 1 అంటే ఇంకో అక్షరం మీదకెక్కే గుర్తులు అసలు వాడకూడదు. అంటే గుణింతాల్లేవు, పొల్లు లేదు. "క" రాయొచ్చు, "కి" రాయకూడదు! గుణింతం లేని తెలుగు ఏం తెలుగండీ? లెవెల్ 2లో కొన్ని లిపులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. హీబ్రూ, అరబిక్, దేవనాగరి, తమిళం, తెలుగు లాంటివి ఆ లిస్టులో ఉన్నాయి. అవి లేకుండా ఆ భాషలు రాయడమే కుదరదని ఒప్పుకున్నారన్నమాట. లెవెల్ 3లో ఏ ఆంక్షా లేదు. అంటే "తెలుగు" అనే మూడక్షరాల పేరు చట్టప్రకారం రాయాలంటే కనీసం లెవెల్ 2 కావాలి.

సరే, ఇప్పుడు టెస్ట్ సంగతి. నేను తీసుకున్న పేర్లు: తెలుగు, హైదరాబాద్, స్వాతంత్ర్యం, సాఫ్ట్‌వేర్, ఇంకా ఒక పొడుగాటి వ్యాసం శీర్షిక. వీటితో పాటు కోలన్ ఉన్నది, చివర చుక్క ఉన్నది, పేరు మధ్యలో ఎంటర్ కొట్టినది (యూనిక్స్‌లో అది కూడా కుదురుతుంది!).

ఉత్త ఐఎస్ఓ 9660లో పెడితే ఊహించినట్టే అన్నీ అండర్‌స్కోర్లు. పేర్లన్నీ ఒకటే అయిపోతాయి కాబట్టి టూల్ వాటి చివర 000, 001 అని అంకెలు తగిలిస్తుంది. ఫైళ్ళు భద్రం, పేర్లు గల్లంతు.

కొలతల దగ్గర ఇంకో గమ్మత్తు. "స్వాతంత్ర్యం" మన కంటికి మూడక్షరాలు: స్వా, తం, త్ర్యం. యూనికోడ్‌కి 12. యూటీఎఫ్-8లో 36 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్లు హద్దు కాబట్టి తెలుగుకి 85 గుర్తులు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 గుర్తులు. డీవీడీల్లో వాడే యూడీఎఫ్‌లో 127. జోలియెట్‌లో 64. ఒకే పేరు ఒకచోట పట్టి ఇంకోచోట పట్టదు. పట్టనప్పుడు కోసేస్తారు. ఎక్కడ కోస్తారు? అక్షరం మధ్యలో కూడా. స్వాతంత్ర్యాన్ని ఎనిమిదో గుర్తు దగ్గర కోస్తే "స్వాతంత్" మిగులుతుంది. బైట్ల లెక్కన కోస్తే అదీ మిగలకపోవచ్చు, చివర సగం అక్షరం విరిగి ఏ భాషకీ చెందని బైట్ ఒకటి వేలాడుతుంది.

అసలు కథానాయకుడు మాత్రం హైదరాబాద్. తెలుగు లిపిలో రెండు ముక్కలుగా విడదీసి రాసినా ఒకటే అని యూనికోడ్ ఒప్పుకునేది ఒక్క ఐత్వమే. "ై" అన్నా, "ె" రాసి దానికింద "ౖ" తగిలించినా రెండూ సమానం. చూడడానికి ఒకటే, బైట్లు వేరు. మొదటి పద్ధతిలో హైదరాబాద్ 9 గుర్తులు, 27 బైట్లు. రెండో పద్ధతిలో 10 గుర్తులు, 30 బైట్లు.

1998లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ ఇచ్చిన ప్రతి పేరునీ ఇలా ముక్కలుగా విడగొట్టే దాచుకునేది. ఫ్రెంచి, జర్మన్ అక్షరాల కోసం చేసిన ఏర్పాటు అది. దాంట్లో మన ఐత్వం కూడా పడింది. లినక్స్ ఏమో ఇచ్చిన బైట్లు ఇచ్చినట్టే ఉంచుతుంది. కాబట్టి అలాంటి మ్యాక్ డిస్క్ నుంచి తెచ్చిన హైదరాబాద్, లినక్స్‌లో టైప్ చేసిన హైదరాబాద్ ఒకే ఫోల్డర్లో పక్కపక్కనే కూర్చుంటాయి, కవల పిల్లల్లా. విజయవాడకి ఈ బాధ లేదు. వైజాగ్‌కి ఉంది, చెన్నైకి ఉంది :) 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ దీన్ని సరిచేసింది. పేరుని ఇచ్చినట్టే దాచి, వెతికేటప్పుడు మాత్రం రెండూ ఒకటే అనుకుంటుంది. అది మ్యాక్‌లలోకి వచ్చిన వెర్షన్ పేరు కూడా హై సియెర్రాయే కావడం ఉత్త కాకతాళీయం.

"సాఫ్ట్‌వేర్"కి ఇంకో చరిత్ర ఉంది. ట్ కింద వ వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో మనం కంటికి కనపడని ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని పోల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోదు. దీనివల్ల ఏమైందో తెలుసా? 2014 డిసెంబర్లో గిట్‌లో ఒక పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడింది. గిట్ తన సొంత సమాచారం దాచుకునే ఫోల్డర్ పేరు మధ్యలో ఈ కనపడని గుర్తు ఇరికిస్తే, గిట్ దాన్ని వేరే పేరు అనుకునేది, మ్యాక్ అదే పేరు అనుకునేది. దాంతో ఎవరో పంపిన రిపాజిటరీ మీ మిషన్ మీద వాళ్ళ కోడ్ నడిపించగలిగేది. గిట్ 2.2.1తో సరిచేశారు. మనం రోజూ తెలుగు రాయడానికి వాడే గుర్తు ప్రపంచవ్యాప్తంగా మ్యాక్ డెవలపర్లందరినీ హడలగొట్టిందన్నమాట. దాన్ని "ఎవరో వాడే స్పెషల్ కారెక్టర్" అని వదిలెయ్యకుండా మొదట్లోనే టెస్ట్ చేసి ఉంటే?

"ఇదంతా ఎవడిక్కావాలి బాబూ, ఫైలు పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుంటే పోలా?" అని మా టీమ్‌లోనే ఒకతను అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మనవాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్నదీ అదే. యూనికోడ్‌కి ముందు డీటీపీ సెంటర్లలో తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఫైలు పేరు తెలుగులో రాసే ప్రశ్నే లేదు. పత్రిక లోపల చక్కటి తెలుగు, ఫైలు పేరు మాత్రం "శుభలేఖ2 ఫైనల్ కొత్తది" అని ఇంగ్లీషు అక్షరాల్లో. పది ఫైళ్ళుంటే ఇది నడుస్తుంది.

పదివేల ఫైళ్ళుంటే? లేదా పేరు పెట్టిన మనిషి తర్వాత అందుబాటులో లేకపోతే?

మా పెదనాన్నగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన దగ్గర హరికథలు, నాటక పద్యాలు రికార్డు చేసిన క్యాసెట్లు బోలెడు ఉండేవి. చాలా ఏళ్ళ క్రితం వాళ్ళ ఊళ్ళో ఒక షాపులో ఇచ్చి ఏడు సీడీలు చేయించారు. ఆ షాపతను ఎంతో శ్రద్ధగా ఎవరు పాడారో, ఏ ఊళ్ళోనో, ఏ సంవత్సరమో తెలుగులో టైప్ చేశాట్ట. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు ఆ సీడీల ఇమేజ్‌లు తీశాను. రెండిటిలో జోలియెట్ ఉంది, పేర్లు దొరికాయి. కొన్ని మధ్యలో తెగినా అర్థమవుతున్నాయి. మిగతా అయిదిటిలో అన్నీ అండర్‌స్కోర్లు, అంకెలు. ఇమేజ్‌ని బైట్ బైట్ వెతికాను, అసలు పేర్లు అందులో ఎక్కడా లేవు. క్యాసెట్ల అట్టలు ఎప్పుడో పారేశారు. పాటలన్నీ శుభ్రంగా వినపడుతున్నాయి. గొంతు వినగానే ఎవరిదో చెప్పగలిగేది పెదనాన్నగారు ఒక్కరే. ఆయనకి డెబ్బై తొమ్మిది. ఇప్పుడు వారానికి నాలుగు చొప్పున ఫోన్లో వినిపిస్తూ రాసుకుంటున్నాను. కొన్నిటికి ఆయన కూడా "గుర్తు రావట్లేదురా" అంటున్నారు.

ఇందులో షాపతని పొరపాటేమీ లేదు. అతను తెలుగులోనే రాశాడు. అతని చేతిలోని సాఫ్ట్‌వేర్ ఆ పేర్లని వదిలేసి, వదిలేశానని కూడా చెప్పకుండా, పని పూర్తయిందంది. నాకు బాధ కలిగించేది ఆ చెప్పకపోవడమే. చేతకాకపోతే ఆగిపోయి ఎర్రర్ ఇవ్వాలి. డేటా పాడైతే ఎర్రర్ ఇచ్చే ప్రోగ్రామే, పేరు పాడైతే ఎందుకు ఇవ్వదు? పేరు కూడా డేటాయే కదా.

ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైంది ఒకటే. ఏ అక్షరం మామూలు, ఏది స్పెషల్ అన్నది అక్షరంలో లేదు, ఆరోజు టేబుల్ చుట్టూ ఎవరు కూర్చున్నారన్న దాంట్లో ఉంది. జపాన్ వాళ్ళు కూర్చున్నారు, 229 రూలు వచ్చింది. మనవాళ్ళు వేలల్లో సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. టేబుల్ దగ్గర లేమని ఇప్పుడు మనం అనలేం. టెస్ట్ చేసేదీ మనమే, లిస్టులు రాసేదీ మనమే.

కాబట్టి నా తరఫున చేసింది చెప్తాను, మీకూ పనికొస్తే వాడుకోండి. మా టెస్ట్ డేటాలో ఒక ఫోల్డర్ శాశ్వతంగా పెట్టించాను. అందులో హైదరాబాద్ రెండు రూపాల్లోనూ ఉంది, నాన్ జాయినర్‌తో సాఫ్ట్‌వేర్ ఉంది, 64 దాటిన పేరు, 85 దాటిన పేరు ఉన్నాయి. బయటికి తీసిన పేరు, లోపల పెట్టిన పేరు బైట్ బైట్ సరిపోలకపోతే టెస్ట్ ఫెయిల్. టెస్ట్ ప్లాన్‌లో "స్పెషల్ కారెక్టర్లు" అన్న లైన్‌ని రెండుగా విడగొట్టి, గుర్తులు ఒక లైను, భాషలు ఇంకో లైను చేశాను.

ఇంట్లో మీ సొంత ఫోటోలు, పాటలు ఇమేజ్ చేస్తుంటే మూడు పనులు చెయ్యండి. జోలియెట్, రాక్ రిడ్జ్ రెండూ ఆన్ చేయండి, లేదా యూడీఎఫ్ వాడండి. పేర్లన్నీ రాసిన ఒక టెక్స్ట్ ఫైలు యూటీఎఫ్-8లో చేసి, దానికి మాత్రం ఆ 37 అక్షరాల్లోనే పేరు పెట్టి, అదే ఇమేజ్‌లో పడెయ్యండి. చేశాక ఇంకో మిషన్‌లో ఒకసారి తెరిచి చూడండి, అసలు ఫైళ్ళు అప్పుడు డిలీట్ చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళ పాత సీడీలు ఉంటే ఈ సెలవుల్లోనే తెరవండి. పేర్లు లేకపోతే అడగడానికి మనిషి ఉన్నప్పుడే అడిగి రాసుకోవచ్చు.